తూర్పు సొరంగం నుంచి వచ్చిన జవాబు

1959 మార్చిలో నన్ను తాడిపత్రి అవతలి కొండల్లో ఉన్న ఒక ముగ్గురాయి గనికి శిక్షణ అధికారిగా వేశారు. గనుల ఇంజనీరింగులో డిప్లొమా పూర్తి చేసి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ముగ్గురాయి తెల్లటి ఖనిజం. చూడటానికి మామూలు రాయిలాగే ఉంటుంది, ఎత్తితే మాత్రం కళ్లు అంచనా వేసిన దానికి రెట్టింపు తూగుతుంది. దాని పొడి రంగుల తయారీకి, చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదకు పోతుంది. కొత్తగా చేరిన కూలీల వేళ్లు నలగడానికి ఆ బరువే కారణం. అందువల్ల నా మొదటి పాఠం రాయిని ఎలా ఎత్తాలన్నది.

గనిలో హోదాలు ఒక వరసలో ఉండేవి. అందరికీ పైన మేనేజరు, ఆయన కింద ఓవర్‌మన్, ఆ కింద ఒక్కో ముఠాకు ఒక్కో మేటు, ఆ తర్వాత కూలీలు. మందు పేల్చే మనిషి పక్కన విడిగా ఉండేవాడు. పేలుడు విషయంలో అతని మాట మేటు కూడా వినాలి. నేను ఈ వరసలో ఎక్కడా లేను. ఎవరినీ పని చెయ్యమని ఆజ్ఞాపించలేను, కానీ ప్రమాదం ఉందనిపిస్తే పని ఆపించగలను. గనిలో అందరికంటే చిన్నవాళ్లలో ఒకడినైన నాకు ఇది ఇబ్బందికరమైన అధికారం.

కొండ పక్క నుంచి ఒకే ముఖద్వారం. లోపల కొంత దూరం వెళ్లాక దారి రెండుగా చీలుతుంది. పడమటి సొరంగంలో పని జరుగుతుండేది. తూర్పు సొరంగాన్ని మూసేశారు. అంతకు ముందటి ఏడు అక్కడ కప్పు కూలి రంగన్న అనే కూలీ చనిపోయాడు. శవం కోసం కొన్ని వారాలు తవ్వారు. తీసిన కొద్దీ పైనుంచి రాలుతుండటంతో, ఇంకొకరి ప్రాణం పోతుందని మేనేజరు తవ్వకం ఆపించి అడ్డంగా దుంగలతో కంచె వేయించాడు. అంటే రంగన్న ఇంకా లోపలే ఉన్నాడు.

నేను చేరిన కొద్ది రోజులకే ఒక ప్రమాదం త్రుటిలో తప్పింది. మందు పేల్చే మునిస్వామి కోలారు వైపు నుంచి వచ్చినవాడు, పనిలో ఆరితేరినవాడు. రాతిలో వేసిన బెజ్జాల్లో మందు కూరి, వత్తి ముట్టించే ముందు లోపల ఎవరైనా ఉన్నారేమోనని పిలవడం నిబంధన. ఆ రోజు తిప్పన్న అనే కూలీ తన పనిముట్ల కోసం వెనక్కి వెళ్లాడని ఎవరో అంటే మునిస్వామి అతన్ని పేరు పెట్టి పిలిచాడు. జవాబు రాలేదు. లేడనుకుని వత్తి ముట్టించాడు. వత్తి పొగ వాసన తగిలాక తిప్పన్న లోపలి మలుపు నుంచి పరిగెత్తుకొచ్చాడు. ఒళ్లంతా తెల్ల పొడి, కళ్లు మాత్రమే నల్లగా ఉన్నాయి. అతను ముఖద్వారం దాటుతుండగానే వెనక పేలుడు వినిపించింది.

విచారణలో తిప్పన్న పిలుపు వినిపించిందనే చెప్పాడు. మరి ఎందుకు పలకలేదంటే తల వంచుకున్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. వాని పెండ్లాము సుంకమ్మ పిల్చినా పలకడు సార్, ఈయప్ప పిలిస్తే పలుకుతాడా అని ఒకడు అన్నాడు. నవ్వు ఆగాక, వాళ్ల మేటు ఓబులేసు అసలు సంగతి చెప్పాడు. ఓబులేసుకు యాభై దాటి ఉంటాయి. నేను ఓబులేసన్నా అని పిలిచేవాడిని.

"లోపల ఒకసారి పిలిస్తే పలకగూడదు సార్. రెండోసారి పిలిచినా పలకగూడదు. మూడోసారి పిల్చేది మనిషే."

చనిపోయినవాడు బతికినవాళ్ల గొంతుతో పిలుస్తాడనీ, మూడోసారి పిలవలేడనీ ఆ ప్రాంతంలో నమ్మకం. ఇళ్ల దగ్గర చీకటి పడ్డాక దాన్ని కొందరు పాటించేవారు. రంగన్న పోయినప్పటి నుంచి గనిలో మధ్యాహ్నం కూడా అందరూ పాటిస్తున్నారు. మునిస్వామికి ఇది తెలియదు. అతను నిబంధన ప్రకారం ఒకసారి పిలిచాడు, వీళ్లు వాళ్ల నిబంధన ప్రకారం ఊరుకున్నారు. రెండు నిబంధనలూ పాటించినందువల్లే ఒక మనిషి చావబోయాడు.

మేనేజరు అందరికీ జరిమానా వేద్దామన్నాడు. భయాన్ని జరిమానాతో తీసెయ్యలేమని నాకనిపించింది. గొంతుతో పనిలేని సంకేతం ఒకటి కావాలి. దయ్యాలకు ఇనుమంటే భయమని, ముట్టుకోలేవని వాళ్ల మాటల్లోనే విన్నాను. అందుకని సమ్మెటతో కొట్టే సంకేతం పెట్టాను. మూడు దెబ్బలు, కాసేపు ఆగడం, మళ్లీ ఒక దెబ్బ. రాళ్లు వాటంతట అవి రాలినప్పుడు మూడు చప్పుళ్లు రావచ్చు. మూడు తర్వాత ఆగి ఒకటి మాత్రం మనిషి కొడితేనే వస్తుంది. పని ముగిశాక అందరూ బయటికి వస్తారు. మునిస్వామి దారి చీలే చోట నిలబడి, రాయి మోసే ట్రాలీ నడిచే ఇనుప పట్టా మీద ఆ సంకేతం కొడతాడు. లోపల ఎవరైనా చిక్కుకుని ఉంటే చేతికందిన ఇనుముతో అదే తిరిగి కొట్టాలి. జవాబు వస్తే అక్కడ బతికున్న మనిషి ఉన్నట్టు. అప్పుడు వత్తి ముట్టించకూడదు.

రేకుల పంచ కింద దీన్ని నేర్పించాను. ఓబులేసు అంతా విని, ఒక్క సందేహం ఉందన్నాడు.

"అందరికీ సరే సార్. రంగడు మాత్రం సమ్మెట చేతిలో ఉండంగానే పోయినాడు. ఇనుము ముట్టలేడని వానికి యా మాదిరి చెప్పేది?"

నేను తర్వాతి పాఠానికి వెళ్లాను. అది కప్పు తట్టి చూడటం. గడ్డపార మొనతో పైకప్పును తడితే గట్టి రాయి ఖంగుమంటుంది, వదులైన రాయి డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికిన చోట దుంగ నిలబెట్టనిదే అడుగు ముందుకు వెయ్యకూడదు.

కొన్ని వారాల్లో సంకేతం అందరికీ అలవాటైంది. తిప్పన్న దాన్ని ఇంటికి కూడా తీసుకుపోయాడు. మా ఆడది అన్నానికి పిల్చేది మానేసింది సార్, గిన్నె మీద మూడు కొట్టి ఒకటి కొడ్తాది అని అందరి ముందూ చెప్పాడు. నాకు తృప్తిగా అనిపించింది. శిక్షణ పని గంటలు దాటి బయటికి పాకితేనే అది నిలిచినట్టు అని నా నోటు పుస్తకంలో రాసుకున్నాను.

తూర్పు సొరంగం మాత్రం నన్ను స్థిమితంగా ఉండనివ్వలేదు. ఆ ఏడాదికి వానలు తప్పడం వరసగా మూడోసారి. బావులు అడుగంటాయి. గనికి నీళ్లు లారీలో పీపాలతో వచ్చేవి, ఊరికి అవి కూడా లేవు. ఏప్రిల్ నాటికి కొండ మీద గాలి ముఖాన్ని కాల్చేది. అలాంటిది, కంచె దగ్గర నిలబడితే దుంగల సందుల్లోంచి చల్లటి తేమ గాలి వచ్చి ముఖానికి తగిలేది. తడి మట్టి వాసన. ఒక మధ్యాహ్నం అక్కడ నిలబడ్డప్పుడు లోపల చాలా దూరంలో ఏదో చప్పుడు వినిపించింది. ఆ వెనకే మనిషి గొంతులాంటిది, ఒక్క మాట, సగంలో ఆగిపోయింది. నేను చాలాసేపు విన్నాను. మళ్లీ రాలేదు. రెండోసారి రాకపోవడం నాకు ఊరట కలిగించలేదు.

గాలి వస్తోందంటే దారి ఉండాలి. వెతికితే కొండ పైన తూర్పు సొరంగానికి గాలి ఆడేందుకు తవ్విన పాత గాలి గుంత కనిపించింది. దాని మీద కంప కప్పి ఉంది. కంప కదిలిన గుర్తు లేదు. గొంతుకూ చల్లదనానికీ ఆ గుంతలోంచి దిగే గాలే కారణమని తనిఖీ పుస్తకంలో రాసి సంతకం పెట్టాను. ఓబులేసుకు చెబితే, "గాలి మాట్లాడతాదా సార్?" అన్నాడు, అంతే.

మేలో ఒక రోజు పని ముగిసింది. పడమటి సొరంగంలో బెజ్జాలన్నీ మందు కూరి సిద్ధంగా ఉన్నాయి. కూలీలంతా బయటికి వచ్చారు. ఓబులేసు పేర్లు సరిచూసుకుని అందరూ ఉన్నారన్నాడు. నేను, ఓబులేసు, మునిస్వామి దారి చీలే చోట నిలబడ్డాం. మునిస్వామి పట్టా మీద సంకేతం కొట్టాడు. మూడు, ఆగి ఒకటి. రోజూ ఆ తర్వాత నిశ్శబ్దం. దాని కోసమే ఆగేవాళ్లం.

ఆ రోజు జవాబు వచ్చింది.

పలుచటి చప్పుడు. మూడు, ఆగి ఒకటి. కంచె వెనక నుంచి.

మునిస్వామి నా వైపు చూశాడు. నేను మళ్లీ కొట్టమన్నాను. మళ్లీ జవాబు వచ్చింది, ఈసారి ఇంకా నెమ్మదిగా. నా చేతిలో కార్బైడ్ దీపం మంట ఊగుతోంది.

బయటికి వచ్చి మరోసారి మనుషుల్ని సరిచూశాం. ఎవరూ తక్కువ లేరు. సంగతి తెలిసి కూలీలు ముఖద్వారం నుంచి వెనక్కి జరిగారు. తిప్పన్న మాత్రం నా దగ్గరికి వచ్చి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దు సార్. అది రంగన్న. పోయినసారి నన్ను ఇడ్సిపెట్టినాడు, ఈసారి ఎవరినో ఒకరిని తీసుకోని పోతాడు. మందు పేల్చేయండి. కప్పు పడిపోతే వానికీ నెమ్మది, మాకూ నెమ్మది."

అతను చెప్పినదాంట్లో ఒక సాంకేతిక సత్యం ఉంది. పడమట పేలిస్తే ఆ అదురుకు తూర్పు కప్పు మిగిలినది కూడా రాలుతుంది. మునిస్వామి ఇబ్బంది వేరు. మందు కూరిన బెజ్జాల్ని ఎక్కువసేపు అలా వదలడం ప్రమాదం. నా ముందు రెండే దారులు ఉన్నాయి, పేల్చడం, లేదా లోపలికి వెళ్లి చూడటం. జవాబు వస్తే బతికున్న మనిషి ఉన్నట్టు అని వీళ్లకు నేర్పింది నేను. ఈ ఒక్కసారికి అది మనిషి కాదని ఒప్పుకుంటే, రేపటి నుంచి ఆ సంకేతాన్ని నమ్మేవాడు ఉండడు. నిజంగా మనిషే అయితే ఆ మనిషికి రేపే ఉండదు. పని ఆపిస్తున్నానని చెప్పాను. మునిస్వామి నిప్పు సామాను దూరంగా పెట్టి పడమటి సొరంగానికి కాపలా కూర్చుంటానన్నాడు. లోపలికి ఎవరు వస్తారని అడిగాను. ఓబులేసు పాగా బిగించుకున్నాడు.

"పా సార్. వాని మేటు నేనే గదా. నన్ను ఏమీ చెయ్యడు."

కంచెలో రెండు దుంగలు తీసి లోపలికి వెళ్లాం. నా చేతిలో గడ్డపార, అతని భుజాన పొట్టి దుంగలు. కప్పు తట్టడం, వినడం, ఒక అడుగు వెయ్యడం. చాలా చోట్ల డొల్లగా పలికింది. అలాంటి రెండు చోట్ల దుంగలు నిలబెట్టాం. నేను లోపల ఎవరని అడగబోతే ఓబులేసు నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. పేరు గానీ మాట గానీ వద్దని సైగ చేశాడు. గడ్డపారతో సంకేతం కొట్టాను. జవాబు దగ్గరగా వచ్చింది.

కొంచెం ముందుకు పోయాక ఓబులేసు దీపం కిందికి దించాడు. తెల్ల పొడిలో అడుగుజాడలు. పాదరక్షలు లేని పాదాలు, చిన్నవి, కొన్ని ఇంకా తడిగా ఉన్నాయి. అన్నీ అక్కడి నుంచి లోపలి మలుపు దాకా పోతూ వస్తూ ఉన్నాయి. మేము దాటొచ్చిన కంచె వైపు ఒక్క జాడ కూడా లేదు.

"ఇయాల్టివి సార్," అన్నాడు గొంతు తగ్గించి. మా గనిలో ఆడకూలీలు లేరు.

మలుపు తిరిగాక ఆమె కనిపించింది. మొదట మనిషనిపించలేదు. గోడకు చేరగిలబడిన తెల్లటి ఆకారం, జుట్టు, చీర, ముఖం అంతా పొడి. ఒక కాలి మీద రాతి పలక పడి ఉంది. చేతిలో ఇనుప బొక్కెన. దాని అంచుతోనే గోడను కొడుతోంది. పక్కన రాతి పగులులోంచి సన్నగా నీరు ఊరి చిన్న గుంటలో నిలుస్తోంది. దీపం ముఖం మీద పడ్డాక ఓబులేసు గుర్తుపట్టాడు. తిప్పన్న భార్య సుంకమ్మ.

సంగతి తర్వాత తెలిసింది. ఆ ఊటను ఊరి ఆడవాళ్లు వేసవి మొదట్లోనే కనుక్కున్నారు. ఆ జాడలు మొదలైన చోట తెరుచుకునే గాలి గుంతలోంచి దిగి, వెనక కంపను మళ్లీ లాగి కప్పుకుని, ఇద్దరిద్దరుగా నీళ్లు తోడుకుపోతున్నారు. గనిలో పనిచేసే మగవాళ్లకు చెప్పలేదు. తెలిస్తే వాళ్ల పని పోతుందని భయం. నేను కంచె దగ్గర విన్న గొంతు వాళ్లదే అయి ఉండాలి. ఆ రోజు సుంకమ్మ ఒంటరిగా వచ్చింది. పలక జారి కాలు ఇరికింది. కేకలు వేసినా పడమట సమ్మెటల హోరులో ఎవరికీ వినిపించలేదు.

ఇద్దరం గడ్డపారతో పలక ఎత్తి, కింద దుంగ తోసి, కాలు బయటికి లాగాం. ఆమె అరవలేదు. ఓబులేసు వీపున ఎక్కించుకోబోతుంటే, మా వెనక చీకటిలోకి చూసి అడిగింది.

"ఇంగొకాయన యాడ?"

మేము ఇద్దరమే వచ్చామన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. అరిచి అరిచి గొంతు పోయి, ఇక ఇంతేనని కళ్లు మూసుకున్నానంది. అప్పుడు ఆ పక్క నుంచి ఎవరో కొట్టారట. తన మొగుడు నేర్పిన మాదిరే, మూడు, ఆగి ఒకటి. అది విన్నాకే బొక్కెన సంగతి గుర్తొచ్చి తానూ కొట్టిందట. చెయ్యి చాచి చూపించింది. అది మేము వచ్చిన వైపు కాదు. కూలిన రాళ్ల వైపు.

ఓబులేసు చాలా మామూలుగా అడిగాడు. "పట్టా మీద కొట్టినట్ల ఇనిపించెనా, రాతి మీదనా?"

"రాతి మీద."

అతను వీపు వంచి ఆమెను ఎత్తుకుని నడిచాడు. నేను వెనక నడుస్తూ కప్పు తట్టాను. కొద్ది దూరం వచ్చాక తట్టడం మానేసి, నడక వేగం పెంచాను.

బయట కూలీలు ఆ తెల్లటి ఆకారాన్ని చూసి ఇంకా వెనక్కి జరిగారు. తిప్పన్న కదల్లేదు. ఓబులేసు వీపు మీదున్న ముఖాన్ని కాసేపు చూసి, "సుంకమ్మా" అన్నాడు. ఆమె పలకలేదు. మళ్లీ పిలిచాడు. ఆమె అతన్నే చూస్తోంది కానీ పలకలేదు. మూడోసారి పిలిచాక, "ఉండా" అంది. అతను అక్కడే నేల మీద కూలబడ్డాడు.

ఆమెను రాయి లారీలో తాడిపత్రి ఆసుపత్రికి పంపాం. కాలు నిలిచింది, కుంటు మిగిలింది. మునిస్వామి మరోసారి సంకేతం కొట్టి, నిశ్శబ్దం విని, వత్తి ముట్టించాడు. తూర్పు వైపు రాళ్లు రాలిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

నివేదికలో మూడు సిఫారసులు చేశాను. గాలి గుంతకు ఇనుప జాలీ వెయ్యాలి. ఊట నీటిని గొట్టంతో కొండ బయటికి తెచ్చి తొట్టిలోకి వదలాలి, లేకపోతే జాలీని కూడా పీకేస్తారు. సంకేతాన్ని కూలీల ఇళ్లలో అందరికీ నేర్పాలి. మేనేజరు మూడింటికీ ఒప్పుకున్నాడు. ఊట ఉన్న చోటి వరకు దుంగలు నిలబెట్టి గొట్టం వేశాం. నీటి తొట్టికి ఖర్చెందుకని పైనుంచి ఎవరో అడిగితే, అది భద్రతా సామగ్రి అని రాశాను. సుంకమ్మ విన్న దెబ్బల విషయంలో, రాతిలో ధ్వని ప్రయాణించేటప్పుడు దిక్కు మారినట్టు తోచవచ్చని, పట్టా శబ్దం రాతి శబ్దంలా మారవచ్చని రాశాను. ఆ రెండూ శాస్త్రానికి విరుద్ధం కావు. అయితే సుంకమ్మ విన్నది మునిస్వామి మొదటి సంకేతానికి ముందా, తర్వాతా అని నేను ఆమెను అడగలేదు.

ఆ తర్వాత ఓబులేసు రోజూ మునిస్వామి కొట్టడం అయ్యాక కంచె దగ్గరికి వెళ్లి, తన సమ్మెటతో రాతి మీద మూడు, ఆగి ఒకటి కొట్టి, కాసేపు నిలబడి వచ్చేవాడు. అది నిబంధనల్లో లేదు. మానమని నేను చెప్పలేదు. పేలుడుకు ముందు అంతమంది మనుషులు కదలకుండా చెవి పెట్టి వినే సమయం మరెక్కడా నాకు కనిపించలేదు.

ఆ గని నాకు నేర్పింది ఇదీ. పలకలేదంటే లేరని అర్థం కాదు. పేర్ల పట్టీ సరిపోయిందంటే లోపల ఎవరూ లేరనీ కాదు. ఒక చోటు ఖాళీ అని రాయాలంటే ఎవరైనా వెళ్లి చూసి రావాలి. తర్వాత పనిచేసిన ప్రతి గనిలో దీన్నే మొదటి పాఠంగా చెప్పాను. ఆ ముగ్గురాయి గని నుంచి బదిలీ అయ్యేటప్పుడు అందులో ఏ భాగం ఏ స్థితిలో ఉందో రాసి అప్పగించాల్సి వచ్చింది. పాత పత్రాల్లో తూర్పు సొరంగం చివరి భాగానికి ఎదురుగా "ఖాళీ" అని ఉంది. దాన్ని కొట్టేసి "చూడలేదు" అని రాశాను.